లేసిందా సారూ?

మా డయాలిసిస్ గదిలో ఆరో మంచం రెండు రోజులు కూడా ఖాళీగా ఉండలేదు. సోమవారం అతను పోయాడు. బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి దాని మీద కొత్తాయన ఒకరు పడుకుని ఉన్నాడు. మడమల దాకా దుప్పటి కప్పుకున్నాడు. నా చేతికి సూదులు పెట్టి, యంత్రం తిప్పి, సిస్టరు అవతలికి పోయాక నా తల దానంతట అదే అటు తిరిగింది. దుప్పటి కింద ఆ కుడిపాదం కదులుతుందా లేదా అని చూస్తున్నానని కాసేపటికి గాని నాకే తెలియలేదు. కొత్తాయనకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. "ఏమాయె సార్?" అన్నాడు. ఏం లేదన్నాను.

నేను చూడడానికి అలవాటుపడ్డ పాదం ఆయనది కాదు. రెండేళ్ళ పాటు వారానికి మూడు రోజులు ఆ మంచం మీద పడుకున్న గీత కార్మికుడిది. తిరుమలగిరి పక్క పల్లె నుంచి, పొద్దున మొదటి బస్సుకు, భార్యను వెంటబెట్టుకుని వచ్చేవాడు.

తాళ్ళెక్కే మనిషని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. పొట్టి మనిషి, బిగువైన ఒళ్ళు. ముంజేతుల లోపలి వైపు, రొమ్ము మీద చెట్టు రాసుకుని రాసుకుని చర్మం నల్లగా గట్టిపడి ఉండేది. మంచం ఎక్కడం కూడా అందరిలా కాదు. మేమంతా ముందు అంచున కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు పైకి తీసుకుంటాం. అతను మంచం చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున పైకి పోయేవాడు. "ఏయ్, చెయ్యి పైలం!" అని సిస్టరు ప్రతిసారీ అరిచేది. సూదులు గుచ్చే నరం ఉన్న చెయ్యి అది. దానిమీద బరువు వేయకూడదు. "అలవాటు బిడ్డా, ఏం జేత్తం," అని నవ్వేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అదే ఊపు.

ఎత్తుగా ఏది కనబడినా మనిషి నిలువుల్లో కొలిచేవాడు. కిటికీలోంచి కనబడే సెల్ టవరును చూసి, "పదిహేను నిలువులుంటది సారూ. ఎక్కచ్చు. కల్లే రాదు," అన్నాడు ఒకసారి. మా డాక్టరు బాగా పొడవు. ఆయన గదిలోకి వస్తే నా వైపు తిరిగి రహస్యంగా, "నిలువున్నర వచ్చింది" అనేవాడు. యంత్రం మోతలో డాక్టరుకు వినపడేది కాదు. నాకు నవ్వొస్తే మాత్రం చేతి సూది కదిలి యంత్రం కుయ్యోమని మొత్తుకునేది.

మొదటి రోజే నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు మార్కెట్ యార్డుల కాటా సార్వి గదా?"

ఔనన్నాను. ఇరవై ఆరేళ్ళు యార్డులో కాటా దగ్గర నిలబడి తూకం పైకి చదవడమే నా ఉద్యోగం.

"ఓపారి నా పెసర్లు తూకం జేసినవ్. తక్కువొచ్చింది. మల్ల ఎక్కియ్యి సారూ అన్న. మల్ల ఎక్కిచ్చినవ్. మల్ల గంతనే. ముల్లు ఏడుంటె గాడనే సదువుత, నీ మొఖం సూసి సదువ అన్నవ్. శాన కోపమొచ్చింది నాకు."

"ఇప్పుడున్నదా కోపం?"

"ఇప్పుడెందుకు? ఇద్దరం ఒక్క నల్లాకే కట్టేసి ఉన్నం," అని తలాపున ఉన్న నీళ్ళ పైపు చూపించాడు.

పాదాల సంగతి అతను చెప్పినట్టు నాకు ఇంకెవరూ చెప్పలేదు. నాకూ షుగరే, నా పాదాలూ మొద్దుబారాయి. కాని నా బతుకు పాదాలతో నడిచింది కాదు. "చెట్టు మీద కండ్లు కల్లు లొట్టి మీదుంటయి సారూ. చేతులు కత్తి మీద, లొట్టి మీద. కింద ఏమైతాందో సూసెతందుకు ఉండది. కాలే సూస్కుంటది. ఏడ గరుకున్నది, ఏడ జారుతాంది, అంతా కాలుకే ఎరుక. ఇప్పుడు నా కాళ్ళ కండ్లు పోయినయి," అన్నాడు.

ఎలా పోయాయో కూడా చెప్పాడు. ఒకసారి ఈతముల్లు అరికాలిలో నిండా దిగి రెండు రోజులున్నా అతనికి తెలియలేదట. భార్య వాకిట్లో రక్తం మరకలు చూసి పిల్లి ఏదో కొట్టుకొచ్చిందనుకుందట. ఆ తర్వాత ఒకనాడు నాలుగు నిలువుల మీద ఉండగా, కుడికాలు చెట్టుకు ఆనిందో లేదో తెలియక ఆగిపోయాడు. పైకి పోలేదు, కిందికి రాలేదు. మోకు నడుముకు బిగించుకుని, చెట్టును కౌగిలించుకుని, ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అక్కడే ఉన్నాడు. చివరకు తలొంచి కాలు చూసుకుంటూ, ఒక్కొక్క జానెడే దిగాడు. దిగి, మోకు తీసి ఇంట్లో కొయ్యకు తగిలించాడు. మళ్ళీ తీయలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదని చెప్పుకునేటప్పుడు అతని గొంతు పెరిగేది. ఆ చివరి దిగుడు గురించి చెప్పేటప్పుడు మాత్రం చాలా మెల్లగా చెప్పాడు.

దీపావళి పోయిన తర్వాత మా గదికి ఫిజియోథెరపీ మేడమ్ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. హైదరాబాదులో ఏదో కాలేజీలో పనిచేస్తూ, మా వంటివాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో నెత్తురు సరిగ్గా ఆడదని, నాలుగు గంటలు కదలకుండా పడుకుంటే ఇంకా బిగుసుకుంటాయని, మొదటి రెండు గంటల్లో పాదాలు ఆడిస్తే మంచిదని చెప్పింది. "ఊరికే ఆడించమంటే ఎవరూ ఆడించరు అంకుల్. అందుకే ఆటలాగ తయారు చేసినం," అంది.

అగ్గిపెట్టెంత పెట్టె ఉన్న పట్టీ ఒకటి పాదానికి చుట్టేది. మంచం కాళ్ళ వైపు కడ్డీకి చిన్న తెర బిగించేది. తెర మీద ఒక చిలక. వేళ్ళు పైకి లేపితే చిలక లేస్తుంది. కిందికి నొక్కితే దిగుతుంది. మడమ తిప్పితే పక్కకు పోతుంది. జామకాయలు కొన్ని పైన, కొన్ని కింద వేలాడుతుంటాయి. అందుకుంటే గంట మోగుతుంది.

నేను వద్దన్నాను. అరవై నాలుగేళ్ళు వచ్చాక చిలకలతో ఆడుకోవడమేమిటని నా ఉద్దేశం. ఆమె నన్ను వదిలేసి అతని మంచం దగ్గరికి పోయింది.

మొదట చిలక నేల మీదే పాకింది. అతను మొహమంతా బిగబట్టి ప్రయత్నించాడు. భుజాలు లేచాయి గాని చిలక లేవలేదు. ఆమె వంగి తన చేత్తో అతని పాదం పైకెత్తింది. చిలక ఎగిరింది.

"గది నా కాలేనా?" అన్నాడు.

"మీ కాలే అంకుల్. ఇప్పుడు తెర సూసుకుంట మీరే లేపండి."

తెర మీంచి చూపు తీయకుండా లేపాడు. చిలక ఒక్కసారిగా లేచి జామకాయను కొట్టింది. గంట మోగింది. గదిలో అందరం నవ్వాం. అతను నవ్వలేదు.

"నాలుగేండ్లాయె బిడ్డా," అన్నాడు. "చెద్దరు కప్పుకుంటె నా కాలు ఏడున్నదో నాకు ఎరుకలేదు. ఇగో... గీడున్నది."

ఆమె ఏదో రాసుకోబోయి, రాయకుండా కలం పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత మూడు నెలలు మా గదిలో మరో మాట లేదు. బస్సు దిగి వచ్చి, బరువు చూసుకుని, మంచం మీదికి ఎగిరి, "ఏదే మా చిలక?" అనేవాడు. చిలకతో మాట్లాడేవాడు. "రా, రా, ఇంకొక్క నిలువు. జారకు. గాడ గరుకున్నది, ఆను," అని నేర్పేవాడు. కాయ దొరికాక కూడా వెంటనే దించేవాడు కాదు. పాదం అలాగే పైన నిలిపి ఉంచేవాడు. "పైకి వోయినంక జర ఆగాలె సారూ. గాలి సూడాలె," అనేవాడు. అలా ఆపి ఉంచడమే అసలైన వ్యాయామమని, ఎవరికీ చెప్పకుండానే అతను చేస్తున్నాడని మేడమ్ ఆశ్చర్యపోయింది.

నన్ను కూడా దింపింది అతనే. "కాటా సారూ, నీ చిలక గుడ్లు వెడ్తాందా? లేస్తనే లేదు," అని సిస్టర్ల ముందు ఎగతాళి చేస్తే పౌరుషానికి పోయి పట్టీ కట్టించుకున్నాను. ఒక్కనాడు కూడా అతన్ని గెలవలేదు. అతనికి అరవై కాయలు వస్తే నాకు పాతిక. ఒకసారి అతని బీపీ పడిపోయి చెమటలు పట్టినా, కళ్ళు మూసుకుని కాలు ఆడిస్తూనే ఉన్నాడు. సిస్టరు పట్టీ ఊడదీసి తిడితే, "ఇంక రెండే కాయలుండె," అని గొణిగాడు.

శివరాత్రి ముందు వారం మేడమ్ తెరలన్నీ విప్పి డబ్బాల్లో సర్దుకుంది. పరిశోధనకు ఇచ్చిన గడువు అయిపోయింది. వస్తువులు కాలేజీవి.

"మల్ల ఎప్పుడు తెస్తవ్ బిడ్డా?"

"అడుగుత అంకుల్. పైవాళ్ళకు రాస్త. మీ అందరికీ మంచిగ పనిచేసిందని రాస్త."

"రాత్తె తెస్తరా?"

ఆమె డబ్బాకు టేపు అంటిస్తూ తలెత్తలేదు. "నా చేతుల లేదు అంకుల్," అంది. పోయేముందు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చింది. పాదం ఎలా లేపాలో, ఎలా తిప్పాలో బొమ్మలున్నాయి. అతను దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి నా వైపు చాపాడు.

"ఎట్ల లేపాలెనో నాకెరికే సారూ. లేసిందో లేదో గిది చెప్తదా?"

ఆ రోజు మొహం గోడ వైపు పెట్టుకుని పడుకున్నాడు. మళ్ళీ వచ్చినప్పుడు సూదులు పెట్టడం అయిపోయాక మెల్లగా పిలిచాడు.

"సారూ, జర నా కాలు సూడు. లేసిందా?"

చూశాను. దుప్పటి బయట పాదం నిటారుగా లేచి ఉంది. "లేసింది," అన్నాను.

"ఇప్పుడు?"

"దిగింది."

"ఇప్పుడు?"

"లేసింది. ఒకటి."

తన కాలు తాను చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. నాలుగు గంటలు మెడ ఎత్తి పెట్టుకోవడం కుదరదు. తల కిందికి వాల్చకపోతే అతనికి కళ్ళు తిరిగేవి. అందుకని అతను కప్పు వైపు చూస్తూ లేపేవాడు, నేను పక్కకు తిరిగి చదివేవాణ్ణి. యార్డులో చదివినట్టే, గట్టిగా, సాగదీసి. సగం లేస్తే సగమే అనేవాణ్ణి. "సగం సదువుడేంది సారూ, ఇంకా పెసర్లు జోకుతానవా?" అనేవాడు. తన వంతు అయిపోయాక నా వంతు. నాది మాత్రం అతను ఉదారంగా లెక్కపెట్టేవాడు. వేలు వణికినా కాయే.

తాటికల్లు దినాలన్నీ అలా నడిచాయి. నాకు తెలిసి ఆ ఎండాకాలమంతా అతను హుషారుగానే ఉన్నాడు. దాహం ఆపుకోలేక అవస్థ పడేవాడు. "ఎన్ని వేల లొట్లు దించిన సారూ ఈ చేతులతోని! ఇయ్యాల నాకు దినానికి రెండు గిలాసల నీళ్ళు," అని నవ్వేవాడు. నవ్వు అయిపోయాక పెదాలు నాలుకతో తడుపుకునేవాడు. కాని కాలు సంగతి వచ్చేసరికి అన్నీ మరిచిపోయేవాడు.

మిరుగం కార్తె వచ్చింది. ఆ వారం మొదటి వాన పడింది. బట్టలు తడుపుకుని వచ్చి పడుకున్నాడు. కాసేపాగి, "సారూ, లేసిందా?" అన్నాడు.

లేవలేదు. బొటనవేలు కొద్దిగా వణికింది, అంతే. పాదం పక్కకు వాలిపోయి ఉంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుని అతని మొహం చూశాను. కప్పు వైపు చూస్తూ, దవడ బిగించి, పైన ఆగి గాలి చూస్తున్నవాడిలా ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"లేసింది," అన్నాను.

ఊపిరి వదిలాడు. "ఇయ్యాల బరువనిపిచ్చింది. తడిసినందుకేమో," అన్నాడు.

నా ఉద్యోగంలో నేను తూకం తప్పు చదవలేదు. ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా చదవలేదు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఒక్కరోజే అనుకున్నాను. మళ్ళీ వచ్చేసరికి లేస్తుంది అనుకున్నాను. లేవలేదు. అప్పటికి ఒకసారి అబద్ధం చెప్పి ఉన్నాను. రెండోసారి నిజం చెప్పాలంటే మొదటిది కూడా విప్పాలి. "లేసింది" అన్నాను. ఆ పూట యాభై కాయలు చదివాను. ఒక్కటీ లేదు.

ఊరికే ఉన్నానని కాదు. అతను నిద్రపోయినప్పుడు సిస్టరుకు చెప్పాను. ఆమె డాక్టరుకు చెప్పింది. డాక్టరు వచ్చి అతని పాదం అటూ ఇటూ వంచి చూసి, నరం బలహీనపడ్డదని, హైదరాబాదులో చూపించుకోవాలని, పాదాలు జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడు. అతనికి అందులో కొత్త మాట ఏదీ వినపడలేదు. నరాల బలహీనత అని నాలుగేళ్ళుగా వింటున్నాడు. భార్యను బయటికి పిలిచి కూడా చెప్పారు. ఆమె, "నాట్లు అయినంక తీస్కపోత సారూ. కొడుకు జడ్చర్ల దిక్కు మందుల కంపెనీల వనిజేత్తాండు, వానికీ సెలవు దొరకాలె," అంది. ఒక్క మనిషి, రెండెకరాలు, వారానికి మూడు రోజులు ఈ దవాఖాన. ఆమెను ఏమనాలి?

అతనికి మాత్రం నేను చెప్పలేదు. రోజూ చెప్దామనే పోయేవాణ్ణి.

నాట్ల రోజుల్లోనే ఒక పొద్దున అతని భార్య వరండాలో నా పక్కన వచ్చి కూర్చుంది. అతన్ని ఇంకా లోపల బరువు చూస్తున్నారు.

"నీ పున్నెం సారూ," అంది. "ఈయనకు పానం లేసొచ్చినట్టున్నది. కట్టె వట్టుకో అంటె వట్టుకుంటలేడు. కాటా సారు సూత్తాండు, నా కాలు మంచిగ లేస్తాంది, కట్టెందుకు నాకు అంటడు. నిన్న పొలం గట్టు మీదికెల్లి తాళ్ళ దాక వొయ్యొచ్చిండు, ఒక్కడే."

నా చేతిలో మందుల సంచి ఉంది. దాన్ని తెరిచి, అందులో ఏదో వెతుకుతున్నట్టు చేశాను.

ఆ రోజు లోపలికి పోయాక అతని పాదం వైపు చూస్తే బొటనవేలి కొసన గుడ్డపేలిక చుట్టి ఉంది. ఏమిటని అడిగితే, "గీసుకపోయింది. ఏడనో ఎరుకలేదు," అన్నాడు. నడిచేటప్పుడు పాదం పైకి లేవక, వేళ్ళు నేలకు రాసుకుంటూ పోయాయి. గట్టు మీది మట్టి, రాయి, ఇంటి గడప అన్నీ రాసుకున్నాయి. అతనికి తెలియలేదు. తెలిసే వీలు లేదు. లేస్తోందని నేను చెప్పాను కదా.

సిస్టరు పేలిక విప్పి చూసి అప్పటికప్పుడు డాక్టరును పిలిచింది. వేలు నల్లబడింది. మూడో రోజుకు నలుపు పాదం మీదికి పాకింది. నాట్లు సగంలో వదిలేసి పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ముందు వేళ్ళన్నారు, తర్వాత పాదమన్నారు. చివరికి మోకాలి కింద దాకా తీసేశారు.

బతుకమ్మ పండుగ రోజుల్లో మళ్ళీ మా గదికి వచ్చాడు. కొడుకు, వార్డుబాయి ఇద్దరూ పట్టుకుని మంచం మీదికి ఎక్కించారు. మంచం చట్రం పట్టుకోలేదు. ఎగరలేదు. కప్పిన దుప్పటి కుడివైపు మోకాలి దగ్గర్నుంచి సాఫుగా పడి ఉంది. నా వైపు తిరిగి, "బాగున్నవా సారూ," అన్నాడు. అంతే.

రెండో వారం ఇక ఆగలేకపోయాను.

"నీకొక మాట జెప్పాలె," అన్నాను.

"చెప్పు."

"మిరుగం సంది నీ కాలు లేస్తలేదు. లేసిందని నేనే జెప్పిన."

అతని చేతికి కట్టిన బీపీ పట్టీ అప్పుడే దానంతట అది ఉబ్బడం మొదలుపెట్టింది. అది ఉబ్బి, ఆగి, గాలి పోయేదాకా అతను కదలలేదు. తర్వాత సిస్టరును పిలిచాడు.

"సిస్టరమ్మా, గా పరదా జర గుంజు."

మా రెండు మంచాల మధ్య ఆకుపచ్చ పరదా ఒకటుంది. రెండేళ్ళలో దాన్ని ఎవరూ కదపలేదు. సిస్టరు నా మొహం, అతని మొహం చూసి, ఏమీ అడగకుండా లాగింది.

ఆ రోజు, ఆ తర్వాత వచ్చిన రోజు కూడా పరదా అలాగే ఉంది. అవతల అతను దగ్గడం, నీళ్ళ కోసం అడిగి లేదనిపించుకోవడం వినేవాణ్ణి. అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతాడనుకున్నాను. దానికి జవాబు కూడా తయారు చేసుకున్నాను. ఇంట్లో పడుకుని ఆ జవాబును మార్చి మార్చి చెప్పుకున్నాను. ఎటు తిప్పినా సరిగ్గా రాలేదు.

మూడోసారి, రెండు గంటలు గడిచాక, పరదా అంచు కదిలింది. సూదులు లేని చేత్తో అతనే పక్కకు జరిపాడు.

"మిరుగం సంది అన్నవ్ గదా?"

"ఔ."

"అంతకు ముందటియి?"

"ఏవి?"

"ఎండకాలంల. కల్లు దినాలప్పుడు. యాభై అన్నవ్, అరవై అన్నవ్. ఓపారి డెబ్బై గూడ అన్నవ్. గవ్వి లేసినయా, లేవలేదా?"

"లేసినయి. అన్నీ లేసినయి."

"ఒట్టు?"

"నా మనుమరాలి మీద ఒట్టు."

నా మొహంలోకి చాలాసేపు చూశాడు. యార్డులో బస్తా ఎక్కించిన రైతు నా నోటి వైపు అలాగే చూసేవాడు.

"అయితే గవ్వి నాయే గదా," అన్నాడు.

పరదా మళ్ళీ లాగలేదు. కాని మునుపటిలా మాట్లాడనూ లేదు. నన్ను మన్నించాడో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఎడమకాలు మిగిలి ఉంది కదా, దాన్నయినా చూస్తానని చెబుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఇద్దరం కప్పు వైపు చూస్తూ పడుకునేవాళ్ళం. ఒకసారి మాత్రం డాక్టరు వచ్చినప్పుడు అలవాటుగా నా వైపు తిరిగాడు. ఏదో అనబోయి, అనకుండానే మళ్ళీ అటు తిరిగిపోయాడు.

సోమవారం పొద్దున నేను మెట్లెక్కుతుండగా సిస్టరు ఎదురొచ్చి చెప్పింది. తెల్లవారకముందే ఊపిరాడక పోయాడట. పగలు పన్నెండింటికి మట్టి చేస్తారట.

"సూదులు పెట్టమంటారా సార్, లేకపోతే పోయొస్తారా? పోతే మాత్రం రేపు మంచం ఖాళీ లేదు. ఎల్లుండే," అంది.

శని, ఆదివారాల్లో నాకు మూడు కిలోల నీరు చేరింది. ఆ మెట్లు ఎక్కడానికే రెండుసార్లు ఆగాను. ఎల్లుండి దాకా ఆగితే నా పని కూడా అంతే. మంచం మీద పడుకుని చెయ్యి చాపాను. పక్క మంచానికి అప్పుడే కొత్త దుప్పటి వేస్తున్నారు. పన్నెండు అయింది. అతన్ని లేపుతుంటారు అనుకున్నాను. పన్నెండుంబావు. డప్పులు కొడుతుంటారు. యంత్రం మీద ఇంకా గంటా పది నిమిషాలు చూపిస్తోంది.

బస్సు దిగి ఆ ఇల్లు వెతుక్కుని పోయేసరికి నాలుగు దాటింది. అంతా అయిపోయి జనం వెళ్ళిపోయారు. వాకిట్లో ఒక మూల కొడుకు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే పక్కన కూర్చున్నాను. ఆమెకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఒక్క కాలుతోనే మట్టిల వెట్టినం సారూ."

నేను తలూపాను.

"గా కాలు పట్నం దవాఖానల ఏం జేస్తరు? అప్పుడు అడుగుదామంటె ఎవలు జెప్పలే. కాయితం మీద ఏలుముద్ర వేయించుకున్నరు, గంతే. ఏడనన్న బొంద వెడ్తరా? పెడితె, గీడికి తెచ్చుకోనిస్తరా? నువ్వు సదువుకున్నోనివి, నీకెరికుంటది."

ఏదో ఒకటి చెప్పవచ్చు. మంచి జాగా చూసి పూడ్చిపెడతారని చెప్పవచ్చు. ఆమె నమ్ముతుంది.

"నాకు తెల్వదు చెల్లె," అన్నాను. "అడిగి చెప్త."

"అడుగు సారూ," అంది. "మర్చిపోకు."

బుధవారమే మా డాక్టరును అడిగాను. ఆయన చెప్పాడు. కోసి తీసినవన్నీ పసుపుపచ్చ సంచుల్లో కట్టి పంపిస్తారట. దూరంగా ఒకచోట పెద్ద కొలిమి ఉంటుందట. అన్ని దవాఖానలవీ అక్కడే కాలుస్తారట. ఎవరిది ఏదని వేరుగా ఏమీ ఉండదు అన్నాడు.

నెల దాటింది. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి నేను మంచం మీద ఉన్నాను. ఖాళీ చేతికి అందేంత దూరంలోనే ఉంది ఫోను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఇంట్లో ఉండగా వచ్చింది, ఎత్తాను. నా ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగింది. పంట కోతకొచ్చిందని, కొడుకు సెలవు పెట్టి వచ్చాడని చెప్పింది. తర్వాత, "గా సంగతి అడిగినవా సారూ?" అంది.

"డాక్టరు దొరుకుతలేడు చెల్లె," అన్నాను.

"సరే సారూ, దొరికినప్పుడే అడుగు," అంది. "తొందరేం లేదు."